పెద్దమ్మ కవర్లు

గిద్దలూరు,
ఆదివారం.

చి.ల.సౌ. మేనకోడలికి మీ మామ ఆశీర్వదించి వ్రాయునది.

ఫోన్లో చెప్పొచ్చు కదా, ఉత్తరమెందుకు అనుకుంటావు. ఫోన్లో అయితే నువ్వు ఊ కొడుతుంటావు, పక్కన అల్లుడుంటాడు, పిల్లోడు ఫోను లాక్కుంటాడు. ఉత్తరం రెండోసారి చదువుకోవచ్చు. పైగా ముప్పై నాలుగేళ్లు పోస్టాఫీసులో ఊరందరి ఉత్తరాల మీద ముద్ర కొట్టిన మనిషి, సొంతవాళ్లకు ఒకటి రాయకపోతే ఎట్లా?

సంగతి మీ అమ్మ చెప్పింది. పోరుమామిళ్ల వైపు నుంచి ఏజెంటు ఒకడు వచ్చాడంట. కువైట్‌లో ఇంటిపని, నెలకు 120 దీనార్లు, లక్షన్నర కడితే నెల తిరిగేలోపు విమానం ఎక్కిస్తానన్నాడంట. నీకు ఇరవై ఎనిమిదేళ్లే కాబట్టి కాగితాల్లో ముప్పై చూపించే పూచీ కూడా తనదేనన్నాడంట. అల్లుడు వేసిన నాలుగు బోర్లలో మూడు ఎండిపోయాయి, మిర్చి ధర పడిపోయింది, అప్పు నాలుగు లక్షలు దాటింది. ఇవన్నీ మీ మామకు తెలియనివి కావు.

వెళ్లొద్దని చెప్పడానికి ఈ ఉత్తరం కాదు. మన ఇంట్లో ఆ మాట అనే హక్కు ఎవరికీ లేదు. మనం తిన్న అన్నంలో సగం కువైట్ అన్నమే, మీ పెద్దమ్మ పంపిందే. మీ అమ్మ పెళ్లికి పట్టుచీర వచ్చింది ఆమె డ్రాఫ్టుతోనే. అందుకే ముందు ఆమె కథ నీకు సరిగ్గా తెలియాలి. ఇంట్లో అందరూ చెప్పే కథ సగమే. ఆమె పంపిన డబ్బుల దగ్గర మొదలై, కట్టిన ఇంటి దగ్గర ఆగిపోతుంది.

ఆమె వెళ్లింది 1984లో. వయసు ఇరవై ఏడు. పెద్దాడికి ఆరేళ్లు, చిన్నాడికి రెండున్నర. అప్పటికి మనకు మీటర్ గేజి రైలే. దిగువమెట్ట దాటి నల్లమలలోకి ఎక్కి, సొరంగాల్లో పొగ మింగి, నంద్యాల మీదుగా గుంతకల్లు చేరి, అక్కడ బొంబాయి బండి పట్టుకోవాలి. గుంతకల్లు దాకా తోడు వెళ్లింది మీ మామే. రేకుపెట్టెలో రెండు చీరలు, గోంగూర పచ్చడి, పిల్లల పాత చొక్కా ఒకటి. చొక్కా ఎందుకే అంటే జవాబు చెప్పలేదు. చదువు రాని మనిషి, ప్లాట్‌ఫారం మీద బోర్డులన్నీ వేలు పెట్టి చూపిస్తూ "ఇది ఏ ఊరురా" అని అడుగుతూనే ఉంది.

కువైట్ అంటే అప్పటికి మన వాళ్లకు కొత్త కాదు. ఆ దేశంలో ఒకప్పుడు మన రూపాయే చలామణీ అయ్యేది. 1959 నుంచి రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసమే వేరుగా రూపాయి నోట్లు అచ్చువేసింది. 1961లో దీనారు వచ్చాక అది పోయింది. 1946లో చమురు ఎగుమతి మొదలైన పదిహేనేళ్లకే లెక్క తలకిందులైంది. వాళ్లు మన రూపాయి వదిలేశారు, మనం వాళ్ల దీనారు కోసం రాజంపేట, రాయచోటి, బద్వేలు నుంచి, అటు నరసాపురం, రాజోలు, అమలాపురం నుంచి బయలుదేరాం. మగవాళ్లు డ్రైవర్లుగా, మేస్త్రీలుగా పోతే, ఆడవాళ్లు ఇళ్లల్లో పనికి పోయారు. అక్కడ ఆ పనికి పేరు ఖద్దామా. మన పల్లెల్లో ఆ మాటను ఎవరూ బయటికి పలకరు, "కువైట్‌లో ఉంది" అంటారు, అంతే.

మొదటి ఉత్తరం నలభై రోజులకు వచ్చింది. రాజోలు వైపు ఆమె ఎవరో రాసిపెట్టింది. "నేను క్షేమం. ఇక్కడ అందరూ మంచివాళ్లు. ఎండ మన ఎండే" అని మూడు ముక్కలు. ఎండ సంగతి అబద్ధం. కువైట్‌లో మిత్రిబా అనే చోట 2016 జూలై 21న 53.9 డిగ్రీలు నమోదైంది. మార్కాపురం రోళ్లు పగిలే ఎండ కూడా దాని ముందు చలువ పందిరే. అందరూ మంచివాళ్లన్న సంగతి సగం నిజమని తర్వాత తెలిసింది. ఆ ఇంటి పెద్దావిడ మంచిది. కానీ ఇంట్లో పదకొండు మంది, పని చేసేది ఇద్దరు. సాయంత్రమైతే ముందుగదిలో మగవాళ్ల దివానియా కూర్చుంటుంది, అర్ధరాత్రి దాకా టీలు. రంజాన్ నెలలో రాత్రి పగలవుతుంది, పగలు పగలుగానే ఉంటుంది. ఇవేవీ ఉత్తరాల్లో రాయించలేదు. 1988లో సెలవు మీద వచ్చినప్పుడు మీ అమ్మమ్మ ఆమె అరికాళ్లు చూసి అడిగితే చెప్పింది.

జీతం 35 దీనార్లు. అప్పటి మారకంలో అది మీ మామ గుమాస్తా జీతం కంటే ఎక్కువ. రెండు నెలలకోసారి రిజిస్టరు కవరు వచ్చేది, లోపల డ్రాఫ్టు. డ్రాఫ్టు ఎప్పుడూ మీ పెదనాన్న పేరు మీదే. ఆ సంగతి గుర్తుపెట్టుకో, మళ్లీ వస్తుంది. ఇంటి అప్పు తీరింది, మీ అమ్మ పెళ్లి జరిగింది, రేకుల ఇల్లు పోయి మిద్దె లేచింది. కవర్లన్నీ మీ మామ దాచాడు. పోస్టాఫీసు వాళ్ల జబ్బు అది, ముద్ర స్పష్టంగా పడిన కవరును పారేయబుద్ధి కాదు.

ఆ సెలవులో జరిగింది ఒకటి చెప్పాలి. ఆమె ఇంటికి క్యాసెట్లు పంపేది. చదువు రాని వాళ్లకు అదే ఉత్తరం. నేషనల్ టేప్‌రికార్డరులో ఆమె గొంతు వస్తుంటే చిన్నాడు దాని ముందు కూర్చుని "అమ్మా, ఈరోజు బడికి పోలేదు" అని జవాబులు చెప్పేవాడు. నాలుగేళ్ల తర్వాత మనిషి వచ్చింది. వాడు ఆమె దగ్గరికి పోలేదు. తెల్లారి చూస్తే టేప్‌రికార్డరు ముందు కూర్చుని, ఎవరో కొత్తామె వచ్చిందని దానికి చెబుతున్నాడు. ఆమె తలుపు చాటున నిలబడి వింది. మూడు నెలల సెలవు మీద వచ్చిన మనిషి రెండు నెలలకే తిరిగి వెళ్లింది. ఎందుకని ఎవరూ అడగలేదు.

1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్ మీద పడింది. ఆమె పనిచేసే కుటుంబం కార్లలో సౌదీ వైపు వెళ్లిపోయింది. పనివాళ్లిద్దరినీ ఇల్లు చూసుకోమన్నారు. వాళ్లు చూసుకున్నదేమిటంటే ఖాళీ ఫ్రిజ్జు, కిటికీలోంచి సైనికుల లారీలు. సెప్టెంబరులో మన వాళ్ల గుంపుతో బస్సులో బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దు చేరింది. ఎడారిలో గుడారాలు, నీళ్లకు వరస. అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానం బొంబాయిలో దింపింది. రెండు నెలల్లో 488 సార్లు విమానాలు తిప్పి సుమారు 1,70,000 మందిని తెచ్చారు. పౌర విమానాలతో ప్రపంచంలో అంత పెద్ద తరలింపు అంతకుముందు లేదంటారు. ఆ లెక్కలో ఒకామె గిద్దలూరు స్టేషన్‌లో చేతిసంచీతో దిగింది. ఆరేళ్ల సంపాదనలో చివరి ఏడు నెలల జీతం ఆ ఇంట్లోనే ఉండిపోయింది, పాస్‌పోర్టు ఆ యజమాని బీరువాలో ఉండిపోయింది.

ఇక్కడే కవర్ల కథ. యుద్ధం ముగిశాక 1991లో ఐక్యరాజ్యసమితి జెనీవాలో ఒక పరిహార సంఘం పెట్టింది. ఇరాక్ అమ్మే చమురు డబ్బులో కోత పెట్టి, నష్టపోయిన వాళ్లకు ఇవ్వడం దాని పని. ఇరాక్ ఆ బాకీ తీర్చడానికి 2022 దాకా పట్టింది. మొత్తం 5,240 కోట్ల డాలర్లు. కువైట్ వదిలి రావాల్సి వచ్చిన మామూలు పనివాళ్లకు, ఆ ఒక్క నష్టమే అడిగితే, మనిషికి 4,000 డాలర్ల లెక్క కట్టారు. మన ప్రభుత్వం దరఖాస్తులు తీసుకుంది. అక్కడ ఉన్నట్టు ఆధారమేదంటే మీ పెద్దమ్మ దగ్గర ఏమీ లేదు. మీ మామ అటక మీది పెట్టె దించాడు. ఆరేళ్ల కువైట్ ముద్రలు, తేదీలతో సహా. అవి కట్టగట్టి దరఖాస్తుకు జతచేశాం. 90ల చివర్లో ఆమె పేరు మీద డబ్బు వచ్చింది, మన రూపాయల్లో లక్షన్నర పైచిలుకు. జీవితంలో మొదటిసారి ఆమె పేరు మీద వచ్చిన డబ్బు అదే. యుద్ధం ఇచ్చిన డబ్బు!

అప్పటికి ఆమె మళ్లీ కువైట్‌లోనే ఉంది. 1992లో వెళ్లింది. ఎందుకు వెళ్లావంటే చిన్నాడి ఫీజు అంది. తర్వాత పెద్దాడి ఆటో, తర్వాత మీ పెదనాన్న ఆపరేషన్. కారణం ఎప్పుడూ సిద్ధంగా ఉండేది, అది ఎప్పుడూ ఇంకొకరిదే అయ్యేది.

2003లో వచ్చినప్పుడు అందరికీ నోకియా ఫోన్లు తెచ్చింది. మీ మామకు తెచ్చిన దాని వెనుక మూత ఇంకా ఉంది. ఆ కంపెనీది ఫిన్లాండు. ఆ దేశం గురించి తర్వాత ఎక్కడో చదివితే ఆశ్చర్యమేసింది. నూరేళ్ల కిందట ఆ దేశపు ఆడపిల్లలు కూడా ఇదే పనికి పోయారు. రష్యా జారు కింద ఉన్న బీద దేశం. పొలం పెద్దకొడుకుకు పోతే మిగతావాళ్లకు కూలీయే. 1914 లోపు సుమారు మూడు లక్షల మంది అమెరికా దారి పట్టారు. హాంకో అనే రేవులో ఓడెక్కితే, అదే ఓడలో ఇంగ్లండుకు వెన్న పీపాలు కూడా ఎక్కేవి. హల్‌లో దిగి, రైలులో లివర్‌పూల్ చేరి, అక్కడ పెద్ద ఓడ పట్టేవాళ్లు. మన గుంతకల్లు, బొంబాయి లాగే. పెళ్లికాని పిల్లలు న్యూయార్క్, బోస్టన్ ఇళ్లల్లో పనికి కుదిరి, జీతంలోంచి తమ్ముడికి, చెల్లికి ఓడ టిక్కెట్టు కొని పంపేవాళ్లు. 1912లో మునిగిన టైటానిక్‌లో అరవై మూడు మంది ఫిన్లాండు వాళ్లున్నారు. అందులో మరియా పనులా అనే తల్లి ఒకామె, అమెరికాలో ఉన్న భర్త దగ్గరికి ఐదుగురు కొడుకులతో బయలుదేరింది. ఆరుగురిలో ఒక్కరూ మిగల్లేదు. అయితే మీ మామకు ఎక్కువగా పట్టుకున్నది ఇంకో సంగతి. న్యూయార్క్‌లో ఆ పనిమనుషులు తలా ఇంత వేసుకుని సొంతంగా ఒక వసతి నడుపుకున్నారు. పని పోయినా, సెలవు దొరికినా, యజమాని ఇల్లు కాకుండా తలదాచుకోవడానికి తమ చోటు ఒకటి ఉండాలని. ఎంత ముందుచూపు చూడు. మన వాళ్లకు కువైట్‌లో అలాంటిది దొరికితే శుక్రవారం పూట చర్చి ఆవరణలోనే. నగరంలో ఒకే కాంపౌండులో తెలుగుతో సహా రకరకాల భాషల ప్రార్థనలు జరిగే చోటు ఉంది. మీ పెద్దమ్మ రోజూ వెంకటేశ్వరస్వామికి దండం పెట్టుకునే మనిషే అయినా, తెలుగు వినడానికి ఆ గేటు దగ్గరికి పోయి కూర్చునేది.

2009లో పూర్తిగా వచ్చేసింది. యాభై రెండేళ్లు, మోకాళ్లు అరిగాయి, షుగరు. మొత్తం ఇరవై మూడేళ్ల పని. మిద్దె మీ పెదనాన్న పేరు మీద ఉంది, ఆయన పోయాక కొడుకుల పేర్లకు మారింది. పొలం కొన్నది పెద్దాడి పేరు మీద. బంగారం కోడళ్లకు పెట్టింది. ఎవరూ ఆమెను మోసం చేయలేదు, అది కూడా సరిగ్గా అర్థం చేసుకో. ఎవరూ ఆమెను లెక్కలో వేయలేదు, అంతే. ఆమె కూడా వేసుకోలేదు. కంభం చెరువును వరదరాజమ్మ కట్టించిందని మన ప్రాంతమంతా చెప్పుకుంటుంది. ఎక్కడో గజపతుల ఇంట్లో పుట్టి ఇటు వచ్చిన ఆడమనిషి పేరు ఐదు వందల ఏళ్లుగా ఆ కట్ట మీద నిలిచింది. మీ పెద్దమ్మ కట్టిన ఇంటి మీద ఉన్న పేరు ఆమెది కాదు. ఇప్పుడు ఆమె ఉండేది వెనక గదిలో. కొడుకులు బాగానే చూసుకుంటారు. కానీ బీపీ మాత్రలకు చెయ్యి చాచాల్సిన అవసరం లేకుండా చేసింది మాత్రం ఆ జెనీవా డబ్బే. వడ్డీ ఇల్లు తిన్నా అసలు ముట్టనివ్వకుండా బ్యాంకులో ఉంచి, ఆమె వచ్చాక పోస్టాఫీసు నెలసరి ఆదాయ పథకంలో వేయించాడు మీ మామ. ఇప్పుడు 7.4 శాతం వడ్డీ, నెలకు వెయ్యి రూపాయల పైన వస్తుంది. ఒకటో తారీఖున ఆమె ఆటో ఎక్కి పోస్టాఫీసుకు వెళ్లే తీరు చూడాలి. చేతిలో పాసుబుక్కు, మొహంలో ఉద్యోగస్తురాలి దర్జా.

ఇక నీ సంగతి. ముందు ఆ ఏజెంటు లెక్క పలక మీద రాసి చూద్దాం. 120 దీనార్లంటే, దీనారు 270 అనుకున్నా 32,400. ఇప్పుడున్న నాలుగు లక్షలకు నూటికి రెండు వడ్డీ, నెలకు ఎనిమిది వేలు. ఏజెంటుకు కట్టే లక్షన్నర నూటికి మూడుకు తెస్తారంట, అది నాలుగున్నర వేలు. ఇంటి ఖర్చుకు పది వేలు. మిగిలేది పది వేలు అటూ ఇటూ. రెండేళ్ల కాంట్రాక్టు అయ్యేసరికి దాదాపు సగం అప్పు అలాగే ఉంటుంది. ఇది జీతం నెలనెలా చేతికి వస్తేనే. ఏజెంటు నోటితో "రెండేళ్లలో అప్పు తీర్చి ఇల్లు కడతావు" అన్నది ఏ లెక్క ప్రకారమో వాడినే అడుగు, కాగితం ఇచ్చి రాయమను.

లక్షన్నర ఎందుకు కట్టాలో కూడా అడుగు. 1983 నాటి వలసల చట్టం కింద లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోదగ్గది ముప్పై వేలు, దాని మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ, అంతా కలిపి 35,400. పైగా నీ విషయంలో ప్రైవేటు ఏజెంటు అసలు ఉండకూడదు. తొమ్మిదో తరగతితో ఆపేశావు కాబట్టి నీది ఈసీఆర్, అంటే వెళ్లేముందు వలస అనుమతి తీసుకోవాల్సిన, పాస్‌పోర్టు అవుతుంది. అలాంటి ఆడవాళ్లను కువైట్‌తో సహా ఆ అనుమతి కావాల్సిన పద్దెనిమిది దేశాలకు ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని 2016 నుంచి నిబంధన. మనకు ఆ సంస్థ ఓంక్యాప్, ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కంపెనీ ఆంధ్రప్రదేశ్ లిమిటెడ్. ముప్పై ఏళ్లు నిండకపోతే ఇంటిపనికి పంపనే పంపరు. ఆ నిబంధన పెట్టింది నీ మీద కోపంతో కాదు.

వయసు పెంచుతానన్నవాడి గురించి ఇంకేం రాయాలి? తప్పుడు వివరాలిచ్చి పాస్‌పోర్టు తీసుకోవడం నేరం, జైలు కూడా ఉంది. కేసు నీ మీద పడుతుంది. వాడి రెండో దారి కూడా మీ మామకు తెలుసు. విజిట్ వీసా మీద దుబాయికో మస్కట్‌కో పంపి, అక్కడి నుంచి ఇంకో దేశానికి దాటించడం. ఎయిర్‌పోర్టులో లోపలికి నెట్టడానికి మనుషులుంటారు, ఆ పనికి వాళ్లు పెట్టుకున్న పేరు పుషింగ్. అలా వెళ్లిన మనిషి ఏ రిజిస్టరులోనూ ఉండదు. మామూలు దారిలో వెళ్తే ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు కడితే ప్రమాదంలో ఏదైనా జరిగితే ఇంటికి పది లక్షలు. పుషింగ్‌లో వెళ్లిన వాళ్లకు అదీ లేదు.

అక్కడి చట్టం సంగతి చెబితే నీకు ఆశ్చర్యం వేస్తుంది. కువైట్ 2015లో ఇంటిపనివాళ్ల కోసమే 68వ నంబరు చట్టం చేసింది. రోజుకు పన్నెండు గంటలకు మించి పని చేయించకూడదు, వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి నెల రోజులు జీతంతో సెలవు, మానుకున్నప్పుడు ఏడాదికి నెల జీతం చొప్పున ఇవ్వాలి, పాస్‌పోర్టు యజమాని ఉంచుకోకూడదు. మరుసటేడు కనీస జీతం 60 దీనార్లన్నారు. మీ పెద్దమ్మకు ఇది చదివి వినిపిస్తే చాలాసేపు నవ్వింది. "నేనున్నప్పుడు ఈ చట్టం యాడికి పోయిందిరా" అంది. ఆమె కాలంలో లేదు. ఇప్పుడు ఉంది, కానీ నాలుగు గోడల లోపలికి అది దానంతటది నడిచి రాదు. ఫిలిప్పీన్స్ ఏం చేసిందో చూడు. 2018లో తమ దేశపు పనిమనిషి శవం ఒక ఫ్లాట్‌లో ఫ్రీజరులో బయటపడితే, కువైట్‌కు మనుషులను పంపడమే ఆపేసింది. మేలో ఒప్పందం రాయించుకున్నాకే మళ్లీ వదిలింది. పాస్‌పోర్టు, సెల్‌ఫోను పనిమనిషి దగ్గరే ఉండాలని అందులో రాసి ఉంది. మన దేశమూ 2021 జూన్‌లో ఇంటిపనివాళ్ల విషయంలో కువైట్‌తో ఒప్పందం చేసుకుంది. ఇవన్నీ కాగితం మీద, రిజిస్టరులో ఉన్న మనిషికి పనికొచ్చేవి.

యజమాని ఇంటి నుంచి బయటికి వచ్చేస్తే పరారీ కేసు పెడతారు. అకామా, అంటే అక్కడ ఉండే అనుమతి, పోతుంది. అప్పటి నుంచి ఆ మనిషిని ఖల్లివల్లి అంటారు, మన వాళ్లే అంటారు. గదుల్లో దాక్కుని, గంటల లెక్కన పనిచేస్తూ, జ్వరమొస్తే ఆసుపత్రికి పోలేక, కువైట్ క్షమాభిక్ష ఎప్పుడు ప్రకటిస్తుందా అని చూస్తూ బతకాలి. 2018లో ఇచ్చారు, 2020లో ఇచ్చారు, 2024లో మార్చి నుంచి జూన్ ఆఖరు దాకా ఇచ్చారు. పిల్లల పెళ్లిళ్లు, తల్లిదండ్రుల చావులు ఆ తేదీల కోసం ఆగవు కదా.

మరి మీ మామ చెప్పేదేమిటి? వెళ్లేది ఖాయమైతే రెండేళ్లు ఆగి, ముప్పై నిండాక, ఓంక్యాప్ దారిలో వెళ్లు. ఈ రెండేళ్లు ఊరికే కూర్చోవద్దు. ఓపెన్ టెన్త్ కట్టు. పరీక్ష పాసవడం ఒక ఎత్తు, నీ కాంట్రాక్టు నువ్వే కూడబలుక్కుని చదువుకోవడం ఇంకో ఎత్తు. మీ పెద్దమ్మ ఇరవై మూడేళ్లు ఎవరో చదివి చెప్పిన కాగితాల మీద వేలిముద్ర వేసింది. అప్పు మాటకొస్తే, ఆ నూటికి మూడు అప్పు మాత్రం తేవద్దు. ఉన్న నాలుగు లక్షల్లో వడ్డీ ఎక్కువున్న వాటిని డ్వాక్రా సంఘం నుంచి, బ్యాంకు నుంచి మార్చుకునే దారి అల్లుడితో కూర్చుని చూద్దాం. మీ మామ పింఛను కూడా ఉంది, మొహమాటపడొద్దు.

వెళ్లేముందు నీ పేరుతో, నీ ఒక్కదాని పేరుతో బ్యాంకు ఖాతా తెరువు. అక్కడికి చేరాక దాన్ని ప్రవాసుల ఖాతాగా మార్పించుకోవచ్చు. జీతం అందులోకి రావాలి, ఇంటికి పంపాల్సింది అందులోంచి పంపాలి. ఈ మాట అంటే అల్లుడు చిన్నబుచ్చుకుంటాడేమో. బుచ్చుకోనీ. అతను మంచివాడే, మీ పెదనాన్న కూడా మంచివాడే. ఎంత పంపాలో, ఎంత ఉంచుకోవాలో ఇక్కడి నుంచే రాసిపెట్టుకుని వెళ్లు. ఎన్నేళ్లో కూడా రాసుకో. రాసుకోని ఏళ్లు ఎట్లా పెరుగుతాయో మన ఇంట్లోనే చూశాం. ఇల్లు కడితే దస్తావేజులో నీ పేరుండాలి. ఇంట్లో తినేవాళ్లను లెక్కపెట్టినప్పుడు నువ్వు నిన్ను మరిచిపోతున్నావు, మీ అమ్మ కూడా అంతే, ఆడపిల్లలకు ఈ లెక్క ఎవరు నేర్పుతారో మీ మామకు ఇప్పటికీ అర్థం కాదు.

పిల్లల మాట వేరే చెప్పాలా. పాపకు ఆరు, బాబుకు మూడు. ఇప్పుడు టేప్‌రికార్డరు లేదు, వీడియో కాల్ ఉంది. మొహం కనబడుతుంది కాబట్టి ఇబ్బంది లేదని నీకు అనిపిస్తుంది. కొమరోలు నుంచి వచ్చే ఒకతను చెప్పాడు, వాళ్ల పిల్లకు జ్వరమొస్తే ఫోను పట్టుకుని తల్లి మొహాన్ని నుదుటికి ఆనించుకుందంట. రెండేళ్ల ఆలస్యంలో ఒక లాభం, నువ్వు వెళ్లేసరికి బాబుకు ఐదొస్తాయి. నీ మొహం, వాసన, తిట్లు అన్నీ గుర్తుంటాయి.

నిన్న ఈ ఉత్తరం మొదలుపెట్టినట్టు మీ పెద్దమ్మకు చెబితే, వెళ్లమని గానీ వద్దని గానీ ఏమీ అనలేదు. లోపలికి వెళ్లి ఆ పిల్లాడి చొక్కా తెచ్చి చూపించింది. 1984లో తీసుకెళ్లింది, యుద్ధంలో కూడా చేతిసంచీలో తెచ్చుకుంది. తర్వాత చాలాసేపటికి, "ఆ పిల్లకు మూడు అరబ్బీ మాటలు నేర్పాలిరా" అంది. రాతిబ్ అంటే జీతం. జవాజ్ అంటే పాస్‌పోర్టు. సఫారా అంటే ఎంబసీ. మిగతా మాటలు గిన్నెలు తోముతుంటే అవే వస్తాయి, ఈ మూడు మాత్రం విమానం ఎక్కకముందే రావాలంది. వచ్చే ఆదివారం పొద్దున రాచర్ల బస్సుకు ఆమెను ఎక్కిస్తాను. మోకాళ్లు పట్టేస్తాయి, బస్టాండుకు అల్లుడిని బండి తీసుకుని రమ్మను. ఏజెంటుకు ఇచ్చిన ఆధార్ జిరాక్సు ఆలోపు వెనక్కి అడిగి తీసుకో.

ఇట్లు,
మీ మామ